మనసుతో టైపు చేసే మిషన్ చూడబోయి

నేను చీరాల తిరిగొచ్చి నెల దాటింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు. "అంత దూరం పోయి చూసొచ్చావు కదా, ఎలా ఉందో చెప్పు" అని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు. చెప్పడం మొదలుపెట్టగానే నా గొంతు లేస్తోంది, పిల్లలు టైపు ఆపి నా వంక చూస్తున్నారు. ఒక్కసారి కాగితం మీద పెట్టేస్తే నా గొంతూ బతుకుతుంది, మీ చెవులూ బతుకుతాయి అని కూర్చున్నాను.

ఇరవై ఏడేళ్లుగా టైపు నేర్పుతున్నాను. లోయరు, హయ్యరు, తెలుగు, ఇంగ్లిషు. మూడేళ్ల కిందట సగం మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు పెట్టాను. వాటికి అలవాటు పడుతుండగానే పేపర్లో ఓ మూల ప్రకటన కనబడింది. హైదరాబాదు శివారులో, దుండిగల్ దగ్గర, ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు తలకు టోపీ పెట్టి, మెదడులో పుట్టే కరెంటుతోనే కంప్యూటర్ నడిపిస్తారట. వేలు కదపక్కర్లేదట. కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లకు వరమట. అందరూ ఆహ్వానితులేనట. వేలు కదపక్కర్లేకపోతే నేనేం నేర్పుకుని బతకాలి? చూడాల్సిందే అనుకున్నాను. "మీ కడుపుమంట కోసం టికెట్టు డబ్బులు తగలేస్తారా?" అంది మా ఆవిడ. తగలేశాను.

మేడ్చల్

ప్రదర్శనకు ముందురోజు సికింద్రాబాదులో బస్సెక్కితే మేడ్చల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ద్రాక్షతోటల ఊరని విని కిటికీ పక్క సీటు కోసం ఒకాయనతో పోట్లాడి మరీ కూర్చున్నాను. చూసిందేమిటయ్యా అంటే సున్నం కొట్టిన రాళ్లు. ఎటు చూసినా ప్లాట్ల రాళ్లే. పందిళ్లు పీకేసిన రాతి కూసాలు ఒకచోట కుప్పగా పడి ఉన్నాయి, వాటి పక్కనే రంగుల తోరణం, కింద బోర్డు. రింగురోడ్డు వస్తుందన్న మాట వినగానే పైరుకు బదులు రాళ్లు మొలిచాయి.

బస్టాండు ఎదురుగా టీ తాగాను. మా వైపు టీ అడిగితే గ్లాసు నిండా పోస్తాడు. ఇక్కడ చిట్టి కప్పులో మూడు గుక్కలు, మూడు రూపాయలు. గుక్కకో రూపాయి. అదే మాట అంటే కొట్టువాడు ఏమాత్రం నొచ్చుకోకుండా, "చాయ్ ముచ్చట ఇడువున్రి సారూ, ప్లాటు జూస్తరా? రోడ్డు ఫేసింగు" అన్నాడు. టీ కొట్టువాడు కూడా ప్లాట్లు అమ్మే ఊళ్లో ఇక ఎవరు ఏం పండిస్తారో నాకైతే తెలియదు.

రాత్రి ఒక మెస్‌లో ఓ పెద్దావిడ జొన్నరొట్టె రెండు అరచేతుల మధ్యే తిప్పుతూ తట్టడం నోరు తెరుచుకుని చూశాను. మా ఇంట్లో రొట్టె అంటే మినపరొట్టె, బాణలిలో పోసి మూత పెట్టడమే. ఈ విద్య మా వాళ్లకు రాదు. పచ్చిపులుసుతో మూడు తిన్నాను. "సాలా సారూ, ఇంకొకటెయ్యనా?" అని ఆవిడ అడిగిన తీరుకు నాలుగోదీ తిన్నాను. ఆ ప్రయాణంలో నేను కోపం లేకుండా గడిపిన అరగంట అదొక్కటే.

గండిమైసమ్మ

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చోవలసిన బండిలో పదకొండు మందిమి. నాకు డ్రైవరు పక్కన అంచు దక్కింది, ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో. ఒక గతుకులో గాల్లో ఉన్న కాలి చెప్పు కాస్తా జారి రోడ్డు మీద పడింది. ఆపవయ్యా ఆపవయ్యా అని గోల పెట్టాను.

"ఎన్కాల ఆటోల రాములు వస్తుండు సారూ, తెస్తడు తియ్. ఇప్పుడాపితె లైన్ల నా నంబరు పోతది" అన్నాడు డ్రైవరు.

నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. వాడు నవ్వి పాట సౌండు పెంచాడు. ఎనిమిది రూపాయలు తీసుకుని గండిమైసమ్మ చౌరస్తాలో ఒంటి చెప్పుతో దించి పోయాడు. ఆ రాములెవరో వచ్చేదాకా అమ్మవారి గుడి ముందు అరుగు మీద కూర్చోక తప్పింది కాదు.

అప్పుడొచ్చి ఆగింది ఒక సుమో. ముందు నుంచి దిగినాయన తెల్లచొక్కా, మెడలో లావుపాటి గొలుసు, చేతిలో సెల్లు. పేరు యాదగిరి. శామీర్‌పేట దగ్గర భూములున్న కుటుంబం, ఇప్పుడు భూములు అమ్మిపెట్టే పని, కాస్త రాజకీయం. ఆయనతో మల్లయ్య అని తలపాగా ముసలాయన, వాళ్ల ఊరి పెద్దమనిషి. వెనక సీట్లో యాదగిరి తమ్ముడు నర్సింహ పడుకుని ఉన్నాడు, తల భార్య బాలమణి ఒళ్లో. రెండేళ్ల కిందట స్కూటరు మీంచి పడితే తలకు దెబ్బ తగిలిందట. ఒళ్లు కదలదు, మాట లేదు. బండి మీంచి చక్రాల కుర్చీ దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. వేసినవాణ్ణి ఊరుకోవచ్చు కదా! నర్సింహ ముఖం ముందే నిలబడి, "ఈయనకు తెలివి ఉందా అమ్మా?" అని అడిగాను.

"మీకున్నంత ఉన్నది" అంది బాలమణి.

చెంపదెబ్బ తిన్నట్టయింది. తినవలసిందే.

వాళ్లు గుడి ముందు చేసినది నేను ఎన్నడూ చూడనిది. మా వైపు ప్రమాణమంటే కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పుతారు. ఇక్కడ మల్లయ్య అమ్మవారి దగ్గరి పసుపు తెచ్చాడు. దాన్ని బండారి అంటారట. యాదగిరి నుదుట, బాలమణి నుదుట రుద్ది గట్టిగా చెప్పాడు. "మిషిన్ల నర్సింహ అవు అంటె అంగూర్ తోట అమ్ముడే. కాదంటె యాదగిరి మల్ల ఆ ముచ్చట ఎత్తద్దు. మిషిన్ ఏం జెప్తె గదే. అమ్మ ముంగట ఒట్టు." ఇద్దరూ గడప ముట్టుకున్నారు.

అవును, వాళ్లు వెళ్తున్నదీ నేను వెళ్తున్న ప్రదర్శనకే. టోపీ పెట్టడానికి రోగి కావాలని కాలేజీవాళ్లు అడిగితే యాదగిరి తమ్ముణ్ణి ఇస్తానన్నాడట. యాదగిరి కొబ్బరికాయ కొడుతుండగా బాలమణి నాకు సంగతి చెప్పింది. అంగూర్ తోటంటే ద్రాక్షతోటేనట.

"రెండెకరాల తోట సారూ. ఆయన చేతులతోని పెట్టిండు. ఇప్పుడు నేను జూసుకుంటున్న. అమ్మద్దంటుండు. రెప్పలతోని చెప్తడు. ఒకసారి ఆర్పితె అవు, రెండుసార్లు ఆర్పితె కాదు. రెండేండ్ల సంది మేమిద్దరం గట్లనే మాట్లాడుకుంటున్నం. గీళ్లు నమ్మరు. నేనే కల్పిస్తున్ననంటరు."

"నమ్మకపోతే అతని కళ్లల్లోకి చూడమనమ్మా!" అన్నాను.

"సూడరు. సూస్తె భయమంటరు."

భార్య మాట నమ్మరు. అతని కళ్లు చూడరు. ఎన్నడూ చూడని మిషను మాటకు మాత్రం అమ్మవారి ముందు ఒట్టు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే వెనక ఆటో వచ్చింది. "గీ చెప్పు ఎవరిదుల్లా?" అని నా చెప్పు విసిరేసి పోయాడు రాములు. దాన్ని తొడుక్కుని వాళ్ల సుమోలోనే ఎక్కాను.

దారి పొడుగునా యాదగిరి సెల్లులో మాట్లాడుతూనే ఉన్నాడు. "తమ్మునిదా? ఇగ ఎంతకాలం బతుకుతడు. డాక్టరు గూడ ఆశ లేదన్నడు. అటో ఇటో అయితె మల్ల సంతకాల పరేషాన్ ఉంటది..." వెనక సీట్లో తమ్ముడు. అన్నకు ఆ ధ్యాసే లేదు. బాలమణి భర్త చెవి మీద చెయ్యి వేసి మూసింది.

దుండిగల్ దగ్గరి కాలేజీ

బ్యానరు గేటు కన్నా పెద్దది. లోపల ముందు వరుసలో కంపెనీల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల ముందు జీడిపప్పు ప్లేట్లు. ఎవరి పేరు చెప్పుకుని ఈ తిరునాళ్లు పెట్టారో ఆ మనిషిని మాత్రం గంటసేపు వరండాలో ఎండకు వదిలేశారు. మంచినీళ్లు అడిగితే వాలంటీరు బ్యాడ్జి పెట్టుకున్నవాడు క్యాంటీను చూపించాడు. బాలమణి పాంప్లెట్ మడిచి భర్తకు విసురుతూ నిలబడింది.

చివరికి లోపలికి తీసుకెళ్లారు. టై కట్టుకున్న లెక్చరరు నర్సింహ తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నూనె. పొద్దున్నే బాలమణి దోసెడు నూనె పెట్టి, పాపిడి తీసి దువ్వింది మరి.

"నలుగురు సూసే కాడికి ఎండిన తలతోని తోల్కొస్తరా సారూ?" అంది.

"నూనె ఉంటే కరెంటు అందదమ్మా. ముందే చెప్పాం కదా."

ఆమెకు ఎవరూ చెప్పలేదు. యాదగిరికి చెప్పారట, ఆయన మరచిపోయాడు. దూదీ, షాంపూ తెచ్చి అరగంట తుడిచి, జిగురులాంటిదేదో పూసి, వైర్ల టోపీ పెట్టారు. తెర మీద గీతలు వంకర్లు పోతూ వచ్చాయి. ఉన్నట్టుండి ఒక్కో గీత నిట్టనిలువుగా లేచి పడేది. లెక్చరరు విసుక్కున్నాడు. "కళ్లు ఆర్పొద్దని చెప్పండమ్మా. రెప్ప వేసినప్పుడల్లా సిగ్నల్ పాడైపోతోంది."

"గదే ఆయన మాట సారూ" అంది బాలమణి.

లెక్చరరు నవ్వాడు. "అది ఉత్త నాయిస్ అమ్మా. దాన్ని మేం తీసేస్తాం. మాకు కావలసింది ఆలోచన."

అతను పెద్ద చదువులు చదివినవాడు. ఎదుట మనిషి మాట్లాడుతుంటే తెర మీద కనిపిస్తోంది, దాన్ని చెత్త అంటున్నాడు. నేను పళ్లు కొరుక్కుని కూర్చున్నాను.

తర్వాత గీతలు తీసేసి తెర మీద రెండు గళ్లు పెట్టారు. ఒకదాంట్లో అవును, రెండోదాంట్లో కాదు. "మీ పేరు నర్సింహేనా?" అని మైకులో అడిగారు. అవును గడి పచ్చగా వెలిగింది. హాలంతా చప్పట్లు. "శామీర్‌పేట నుంచి వచ్చారా?" అవును. మళ్లీ చప్పట్లు. అప్పుడు యాదగిరి వెళ్లి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తమ్మీ, అంగూర్ తోట అమ్ముదామా?"

అవును. పచ్చగా వెలిగింది.

యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. "నా తమ్ముడు ఒప్పుకుండు" అన్నాడు. బాలమణి మాత్రం తెర వంక చూడడం లేదు, భర్త ముఖమే చూస్తోంది. "కాదంటుండు! రెండుసార్లు ఆర్పిండు, మల్ల ఆర్పిండు, సూడున్రి!" అని అరిచింది. ఆ చప్పట్లలో ఎవరు వింటారు?

నేను వింటున్నది మరొకటి. మొదటి ప్రశ్నకే నా చెవి నిక్కింది, మూడోదానికి అనుమానం తీరింది. ఇరవై ఏడేళ్లు విద్యార్థుల వైపు వీపు పెట్టి, పేపరు చదువుకుంటూ, "ఒరే మూడో బెంచీ, చిటికెన వేలు జారింది" అని కేకలేసినవాణ్ణి. మీటల చప్పుడు నాకు మనుషుల గొంతులంత తేడాగా వినిపిస్తుంది. పచ్చ గడి వెలిగిన ప్రతిసారీ వేదిక వెనక ప్లైవుడ్ తడిక అవతల ఒక సన్నటి టక్కు, వెంటనే ఒక లావు చప్పుడు. బాణం గుర్తు మీట, ఎంటర్ మీట.

లేచి తడిక వెనక్కి వెళ్లాను. నా వయసు ల్యాబ్ అసిస్టెంటు ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో కీబోర్డు.

"ఏం చేస్తున్నావయ్యా?"

నన్ను ఎవరనుకున్నాడో, లేచి నిలబడి నిజం చెప్పేశాడు. "సిగ్నల్ దొరుకుత లేదు సార్. ఏ ప్రశ్నకైనా అవును నొక్కమన్నరు. అవును వస్తె చప్పట్లు వడతయి గదా."

కీబోర్డు లాక్కుని వేదిక మీదికి నడిచాను. వైరు తెగిందో ఊడిందో తెర నల్లబడింది. "ఇదీ మీ మెదడు! తడిక వెనక దాచారు!" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, కొన్ని ఇక్కడ రాయడానికి పనికిరావు. లెక్చరరు నా చెయ్యి పట్టుకుని చిన్న గొంతుతో, "సూత్రం నిజమేనండీ. వేరే దేశాల్లో చేస్తున్నారు. ఇవాళ దొరకలేదు, అంతే. పెద్దవాళ్లు వచ్చారు, ఏదో ఒకటి చూపించాలి కదా" అన్నాడు.

"దొరకలేదని చెప్పవయ్యా! దొరకలేదని చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? అతని భూమి పోతుందిరా నీ చప్పట్లకి!"

నేను యంత్రాన్ని అనడం లేదు. ఏదో ఒకరోజు అది నిజంగా పనిచేస్తే నా ఇన్‌స్టిట్యూట్‌కు నేనే తాళం వేసి, ఆ తాళంచెవి వాళ్ల చేతిలోనే పెడతాను. అబద్ధమాడింది యంత్రం కాదు.

యాదగిరి నిర్ఘాంతపోయాడు. ఆయనకు ఈ మోసం తెలియదనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ తేరుకున్నాక మొదటి మాట ఏమన్నాడనుకున్నారు? "ఎట్లయితేంది, అవు అనే వచ్చింది. ఒట్టు ఒట్టే" అన్నాడు.

బాలమణీ ఆ ఒట్టుకే కట్టుబడింది. "బండారి పెట్టుకున్న సారూ. ఇగ ఏం జేస్త" అని టోపీ కింద భర్త చెంపల మీదికి కారిన జిగురు తుడవసాగింది. ఆ మాటకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మల్లయ్య తలపాగా తీసి దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"మనం ఒట్టు వెట్టింది మిషిన్ మీద. గా మనిషి వేలు మీద వెట్టలె. మిషిన్ ఏం జెప్పలె. ఇంటికి నడువున్రి" అన్నాడు.

శామీర్‌పేట

నన్నూ రమ్మన్నారు. కాలేజీవాళ్ల భోజనాల టోకెను నా జేబులో ఉంది, దాన్ని నాలుగు ముక్కలు చేసి గేటు దగ్గర పారేసి సుమో ఎక్కాను. దారిలో యాదగిరి సెల్లు ముట్టుకోలేదు.

ఇల్లు తోటలోనే. చుట్టూ రాళ్లు పాతిన పొలాలు, మధ్యలో ఈ రెండెకరాల్లోనే ఇంకా పచ్చని పందిరి. అన్నదమ్ముల తల్లి లచ్చమ్మ చెంబుతో ఎదురొచ్చి, "కాళ్లు కడుక్కోన్రి, సల్ల దాగున్రి" అంది. మజ్జిగలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తర్వాత అన్నం, తోటకూర, పచ్చిపులుసు. ఎవరో తెలియని నాకు మొదట పెట్టింది. మా వైపు ఇంత గొడవ జరిగిన రోజు పొయ్యి వెలగదు. ఇక్కడ గొడవ దారి గొడవదే, అన్నం దారి అన్నానిదే.

తిన్నాక నర్సింహ మంచం దగ్గరికి వెళ్లాను. "అయ్యా, గుడి దగ్గర మీ ముందే మీ సంగతి ఆవిడను అడిగాను. తప్పయింది" అన్నాను. అతను నా కళ్లల్లోకి చూసి ఒకసారి రెప్ప వేశాడు. "సరే అంటుండు" అంది బాలమణి. ఆమె చెప్పక ముందే నాకు అర్థమైంది. రెండేళ్లుగా ఈ ఇంటివాళ్లకు ఎందుకు అర్థం కాలేదో నాకు అర్థం కాలేదు.

"ఈయన చదువుకున్నారా?"

"పదో తరగతి సారూ. నాకు అక్షరాలు రావు, గదే బాధ."

అంతే, నేను గోడ మీది క్యాలెండరు దించి ఒక కాగితం చింపాను. వెనక వైపు పెద్ద పెద్ద అక్షరాలతో వరుసలుగా రాశాను. అ నుంచి ఔ దాకా ఒక వరుస, క వరుస, చ వరుస, అలా హ దాకా. గుణింతపు గుర్తులు విడిగా ఒక వరుస. తెలుగు టైపులో అక్షరానికి గుర్తు విడిగా కొట్టడం నాకు చేతి అలవాటే. "నేను పెన్సిలు జరుపుతూ పోతాను. మీక్కావలసిన చోట రెప్ప వేయండి" అన్నాను. ఒకసారి రెప్ప.

"యాదగిరిగారూ, మీరు రండి. నేను పరాయివాణ్ణి, ఆమె మీకు నమ్మకం లేని మనిషి. అక్షరాలు మీరే చదవండి."

రానన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. లచ్చమ్మ వెళ్లి కొడుకు చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కొచ్చింది. "సూడు కొడకా. నేనూ ఇన్నొద్దులు సూడలె, నాకూ భయమే అయింది. ఇయ్యాల సూద్దాం" అంది. తనే వంగి, "నర్సింహా, తోట అమ్ముదమా బిడ్డా?" అని అడిగింది. రెండుసార్లు రెప్ప పడింది. యాదగిరి అప్పుడు కూడా నేల చూపులే చూస్తున్నాడు. కాదనడానికి ఆయనకింకా ఓ సందు ఉంది, గాలికి ఆర్పాడేమో అనవచ్చు.

నేను పెన్సిలు జరిపాను. మొదటి వరుసలో ఇ దగ్గర రెప్ప పడింది. తర్వాత న. తర్వాత వ. ఒక్కో అక్షరానికి ఎంతో సేపు. మధ్యలో అతని కంటి వెంట నీళ్లు కారితే బాలమణి తుడవడం, మళ్లీ మొదలుపెట్టడం. యాదగిరి తల ఎప్పుడెత్తాడో నేను గమనించలేదు. డ దగ్గర రెప్ప పడ్డప్పుడు పైకి చదివింది ఆయనే.

"ఇ... న... వ... డ..." అని ఆగాడు. "ఇనవడ్తదా? ఇనవడ్తాందా తమ్మీ నీకు?"

ఒకసారి రెప్ప.

రెండేళ్ల తర్వాత నోరు దొరికిన మనిషి భూమి గురించి చెప్పలేదు. అన్నను తిట్టలేదు. వినబడుతోందని చెప్పాడు.

యాదగిరి మంచం మీదికి వంగాడు. "ఎప్పటి సంది?" అన్నాడు.

నేను మళ్లీ పెన్సిలు కదిపాను. ప వరుస చివర మ. గుర్తుల్లో ఒత్వం. తర్వాత ద. ట దగ్గరికి పోకముందే యాదగిరి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"మొదటి సందే" అన్నాడు.

అని, మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. తమ్ముడి వంక చూడలేడు, లేచి పోలేడు. రెండేళ్లు ఆ మంచం పక్కన నిలబడి ఎవరెవరితో ఏమేం మాట్లాడాడో ఆయనకు తెలుసు, వింటూ పడుకున్న నర్సింహకు తెలుసు. లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాలమణి మాత్రం నా చేతిలోంచి కాగితం తీసుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, "దీన్నేమంటరు సారూ?" అని అడిగింది.